శోషిత రేడియేషన్ మోతాదు రేటు: గ్రే, రాడ్, రాంట్‌జెన్, సీవర్ట్‌ల మధ్య మార్పిడి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అనంతపురం శివారులో ఒక గ్రానైటు గుట్ట కింది చేనులో మీరు కొలతలు తీశారు. చేతిలో పట్టుకునే డిజిటల్ మీటరు గంటకు 0.19 మైక్రోసీవర్ట్‌లు చూపింది. కళాశాల ప్రయోగశాలలోని పాత ముల్లు మీటరు గంటకు 18 మైక్రోరాంట్‌జెన్‌లు చూపింది. అదే చేని మట్టిని గామా స్పెక్ట్రోమీటరులో పరీక్షించి, సూత్రంతో లెక్కగడితే గంటకు 125 నానోగ్రేలు వచ్చింది. ఈ మూడింటిలో ఏది సరైనదని, ఒకదాన్ని మరొకదానిలోకి ఎలా మార్చాలని అడిగారు. దానికి తోడు, 0.19ని ఏడాదిలోని 8,760 గంటలతో గుణిస్తే 1.66 మిల్లీసీవర్ట్‌లు వస్తున్నదని, అది ప్రజలకు నిర్ణయించిన 1 మిల్లీసీవర్ట్ పరిమితిని దాటుతున్నది కాబట్టి ఊరివారికి చెప్పాలా అని కూడా అడిగారు.

మూడు కొలతలూ సరైనవే, మూడూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. ఊరివారిని భయపెట్టవలసిన అవసరం లేదు. అయితే ఇంతమాత్రం చెప్పి వదిలేస్తే రేపు మరో మీటరు, మరో ప్రమాణం చేతికి వచ్చినప్పుడు మళ్లీ ఇదే సందేహం వస్తుంది. కడపలో ఉంటూ ఆసుపత్రుల రేడియేషన్ భద్రత పనిలో చాలా కాలం గడిపినవాడిగా, కొత్తగా వచ్చినవారికి నేను మొదట చెప్పేది ఒక్కటే: గుణకం వెతకడానికి ముందు, ఆ అంకె ఏ రాశిని కొలుస్తున్నదో తేల్చుకోవాలి. రాడ్ నుంచి గ్రేకు మారడం వట్టి అంకగణితం. రాంట్‌జెన్ నుంచి గ్రేకు మారాలంటే శక్తిని శోషించుకున్న పదార్థం ఏమిటో తెలియాలి. గ్రే నుంచి, శరీరంపై ప్రభావాన్ని లెక్కించే సీవర్ట్‌కు మారాలంటే ఏ రకం కిరణమో, అది శరీరంపై ఏ దిక్కు నుంచి పడిందో కూడా తెలియాలి. మార్పిడి పట్టికలు ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి చూపించడం వల్లనే చిక్కంతా వస్తున్నది.

అంకగణితంతో మొదలుపెడదాం. ఒక కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని శోషించుకుంటే అది ఒక గ్రే. రాడ్ అంటే ఒక గ్రాము పదార్థంలో 100 ఎర్గ్‌లు. జౌల్‌కు కోటి ఎర్గ్‌లు, కిలోకు వెయ్యి గ్రాములు కాబట్టి, గ్రాముకు 100 ఎర్గ్‌లంటే కిలోకు 0.01 జౌల్ అవుతుంది. అంటే 100 రాడ్‌లు ఒక గ్రే. ఇందులో పదార్థంతో గానీ కిరణంతో గానీ నిమిత్తం లేదు, ఇది రూపాయలను పైసలలోకి మార్చినంత కచ్చితం. రాడ్ 1953 నుంచి వాడుకలోకి వచ్చింది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయిస్ హెరాల్డ్ గ్రే పేరుతో గ్రేను 1975లో అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించారు. రేడియోథెరపీ విభాగాలలో ఇప్పటికీ సెంటీగ్రే అనే మాట ఎక్కువగా వినిపించడానికి కారణం కూడా ఇదే: ఒక సెంటీగ్రే సరిగ్గా ఒక రాడ్‌కు సమానం కాబట్టి, పాత చికిత్సా పత్రాలలోని అంకెలను మార్చకుండానే కొత్త ప్రమాణంలోకి వెళ్లగలిగారు. రోజుకు 200 రాడ్‌లు అని రాసినచోట రోజుకు 200 సెంటీగ్రేలు అని రాస్తే సరిపోయింది.

రేటు దగ్గరకు వచ్చేసరికి కాలం కూడా కలుస్తుంది. సెకనుకు ఒక గ్రే అంటే కిలోకు ఒక వాట్, గంటకు 3,600 గ్రేలు. గంటకు ఒక రాడ్ అంటే గంటకు 10 మిల్లీగ్రేలు, సెకనుకు సుమారు 2.78 మైక్రోగ్రేలు. గంటకు ఒక మిల్లీరాడ్ అంటే గంటకు 10 మైక్రోగ్రేలు. మోతాదు ప్రమాణాన్నీ కాల ప్రమాణాన్నీ ఒకే అంగలో మార్చవద్దని నా సలహా. ముందు రాడ్‌ను గ్రేగా మార్చి ఒక వరుస రాయండి, తరువాత నిమిషాన్ని గంటగా మార్చి ఇంకో వరుస రాయండి, ప్రతి వరుసలోనూ ప్రమాణాన్ని పూర్తిగా రాయండి. 60తో గుణించాలా భాగించాలా అనే తడబాటు, రెండు పనులూ కలిపి చేసినప్పుడే ఎక్కువగా జరుగుతుంది.

ఉపసర్గల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్యాన్సర్ చికిత్సకు వాడే లీనియర్ యాక్సిలరేటరు, దాన్ని ప్రామాణీకరించిన పరిస్థితులలో నిమిషానికి 600 సెంటీగ్రేలు ఇస్తున్నదనుకుందాం. అది నిమిషానికి 6 గ్రేలు, సెకనుకు 0.1 గ్రే, గంటకు 360 గ్రేలు. మీ చేనిలో ఉన్నది గంటకు 125 నానోగ్రేలు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే దాదాపు 288 కోట్ల రెట్లు తేడా వస్తుంది. ఇంత విస్తారమైన పరిధిలో ఒకే ప్రమాణం నానో, మైక్రో, మిల్లీ, సెంటీ అనే వేషాలలో తిరుగుతుంది కాబట్టి, ఒక్క ఉపసర్గ పొరపాటున మారినా ఫలితం వెయ్యి రెట్లు తప్పుతుంది. చాలా డిజిటల్ మీటర్ల తెరపై మైక్రోకు బదులు ఇంగ్లిషు ‘యు’ అక్షరం కనిపిస్తుంది. దాన్ని మిల్లీ అనుకుని నోటుపుస్తకంలో ఎక్కించుకుంటే, ఆ తరువాత ఎంత సరిగ్గా లెక్కచేసినా ప్రయోజనం ఉండదు.

ఇక మీ పాత ముల్లు మీటరు. రాంట్‌జెన్ శోషిత మోతాదుకు ప్రమాణం కాదు. ఎక్స్ కిరణాలు గానీ గామా కిరణాలు గానీ గాలిలో ఎంత విద్యుదావేశాన్ని పుట్టించాయో అది చెబుతుంది. ఒక కిలో గాలిలో 2.58×10⁻⁴ కూలుంబుల ఆవేశం పుడితే ఒక రాంట్‌జెన్. గాలిలో ఒక కూలుంబు ఆవేశాన్ని పుట్టించడానికి సగటున 33.97 జౌళ్లు ఖర్చవుతాయి. రెండింటినీ గుణిస్తే కిలోకు 0.00876 జౌల్, అంటే 8.76 మిల్లీగ్రేలు. ఇది గాలికి మాత్రమే వర్తించే అంకె. అదే కిరణాలు మృదు కణజాలంలో పడితే ఒక రాంట్‌జెన్‌కు సుమారు 9.6 మిల్లీగ్రేలు వస్తాయి. రాంట్‌జెన్, రాడ్, రెమ్ (సీవర్ట్‌లో నూరో వంతైన పాత ప్రమాణం) మూడూ ఒకటేనని పాతకాలపు భద్రతా సిబ్బంది చెప్పుకున్న సులువు సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది. తక్షణ రక్షణ కోసం ఆ సూత్రం చాలు, ఎందుకంటే అది ప్రమాదాన్ని కొంచెం ఎక్కువగానే అంచనా వేస్తుంది. పరిశోధనా నివేదికలో మాత్రం అది చాలదు, పది పన్నెండు శాతం తేడా అందులో దాగి ఉంటుంది.

కాబట్టి మీ 18 మైక్రోరాంట్‌జెన్‌లను 8.76 నానోగ్రేలతో గుణించండి. గంటకు 157.7, అంటే సుమారు 158 నానోగ్రేలు వస్తుంది. ఇది గాలిలో శోషిత మోతాదు రేటు.

ముల్లు మీటరుతో పనిచేసేటప్పుడు రేంజి మీటను చూడకుండా అంకె రాయకండి. ఒకే ముఖఫలకంపై 0 నుంచి 5 వరకు గీతలుంటాయి. పక్కన ఉన్న మీట ఒకటి దగ్గరుందా, పది దగ్గరుందా, వంద దగ్గరుందా అన్నదాన్ని బట్టి ఆ 5 అనే గీత 5 కావచ్చు, 50 కావచ్చు, 500 కావచ్చు. ముల్లు చివరి గీతకు ఆనుకుని నిలిచిపోతే అది కొలత కాదు, మీటరు అంతకుమించి చూపలేకపోతున్నదని మాత్రమే అర్థం. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో జరిగినది ఈ సందర్భంలో ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. ప్రమాదం జరిగిన తొలి గంటలలో సిబ్బంది చేతిలో ఉన్న పరికరాల గరిష్ఠ పరిధి సెకనుకు 1,000 మైక్రోరాంట్‌జెన్‌లు. దాన్ని 3,600తో గుణిస్తే గంటకు 36 లక్షల మైక్రోరాంట్‌జెన్‌లు, అంటే గంటకు 3.6 రాంట్‌జెన్‌లు. ఆ అంకె పై అధికారులకు కొలతగా చేరింది. మార్పిడిలో తప్పు లేదు. పగిలిన రియాక్టరు దగ్గర అసలు రేటు గంటకు వేల రాంట్‌జెన్‌లలో ఉండగా, పరికరం పరిధి దగ్గర ఆగిపోయిన అంకెను మోతాదు రేటుగా తీసుకోవడంలోనే తప్పు జరిగింది. గైగర్ గొట్టం (కిరణం పట్టుబడిన ప్రతిసారీ ఒక టిక్కు ఇచ్చే భాగం) ఉన్న కొన్ని మీటర్లు అతి తీవ్రమైన రేడియేషన్‌లో చివరికి వెళ్లి నిలవకుండా వెనక్కి పడిపోతాయి కూడా. అందుకే ఎక్కువ రేడియేషన్ ఉండవచ్చన్న చోటికి వెళ్లేటప్పుడు మీటరును దూరం నుంచే వేసి, చూసుకుంటూ దగ్గరకు వెళ్లమని నేర్పుతారు.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే భాగానికి వద్దాం. మీ డిజిటల్ మీటరు గంటకు 0.19 మైక్రోసీవర్ట్‌లు అని చూపినప్పుడు, అది ఏ సీవర్ట్? గామా కిరణాలకు రేడియేషన్ గుణకం (ఆ రకం కిరణం శరీరానికి ఎంత హానికరమో చెప్పే అంకె) 1 కాబట్టి ఒక గ్రే ఒక సీవర్ట్‌కు సమానమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఒక అవయవానికి అందిన మోతాదు గురించి మాట్లాడేటప్పుడు అది నిజమే. కానీ మీటరుకు మీ అవయవాలతో పరిచయం లేదు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న, కణజాలాన్ని పోలిన ఒక గోళాన్ని ఆ చోట ఉంచితే దాని ఉపరితలం నుంచి 10 మిల్లీమీటర్ల లోతులో ఎంత మోతాదు పడుతుందో చూపేలా దాన్ని ప్రామాణీకరిస్తారు. ఈ రాశిని పరిసర తుల్య మోతాదు అంటారు. గోళంలోనే చెదిరి వెనక్కి వచ్చే కిరణాలు కూడా అందులో కలుస్తాయి కాబట్టి, ప్రామాణీకరణకు సాధారణంగా వాడే సీసియం-137 గామా కిరణాలకు, గాలిలోని ఒక గ్రేకు సుమారు 1.20 సీవర్ట్‌లు వస్తాయి.

శరీరం మొత్తానికి అంచనా వేసే ప్రభావ మోతాదు వేరు. నేలలోని యురేనియం, థోరియం శ్రేణులు, పొటాషియం-40 నుంచి వచ్చే గామా కిరణాలు ఒకే దిక్కు నుంచి సూటిగా రావు, కింద నుంచీ చుట్టుపక్కల నుంచీ వస్తాయి, లోపలి అవయవాలను శరీరమే కొంత కాపాడుతుంది. అందువల్ల పెద్దవారికి గాలిలోని ఒక గ్రేకు 0.7 సీవర్ట్ చొప్పున తీసుకోవాలని ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రీయ సంఘం తన నివేదికలలో వాడుతున్నది. ఒకే చేనిలో ఒకే గామా కిరణాలకు మీటరు 1.20 లెక్కన చూపుతుంటే, మనిషి శరీరానికి లెక్కగట్టేటప్పుడు 0.7 తీసుకుంటున్నామన్నమాట. మీటరులోని సీవర్ట్ మనిషి సీవర్ట్ కంటే సుమారు 1.7 రెట్లు పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే. ఇది మీటరు లోపం కాదు. భద్రతా పరికరం ఎప్పుడూ జాగ్రత్త వైపే మొగ్గాలని అలా ఉద్దేశపూర్వకంగా నిర్ణయించారు. కానీ మీటరు అంకెను నేరుగా సంవత్సర ప్రభావ మోతాదుగా రాసేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవడం లేదు.

కాబట్టి మీ 0.19 మైక్రోసీవర్ట్‌లను, అంటే 190 నానోసీవర్ట్‌లను 1.20తో భాగించండి. గంటకు సుమారు 158 నానోగ్రేలు వస్తుంది. పాత ముల్లు మీటరు చెప్పినదీ ఇదే.

మరి మట్టి పరీక్షలో 125 మాత్రమే ఎందుకు వచ్చింది? మీరు పంపిన వివరాల ప్రకారం ఆ మట్టిలో కిలోకు యురేనియం శ్రేణి 45, థోరియం 110, పొటాషియం-40 900 బెకరెల్‌లు ఉన్నాయి (సెకనుకు ఒక పరమాణు కేంద్రకం విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్). నేలకు ఒక మీటరు ఎత్తులో గాలిలోని మోతాదు రేటుకు గుణకాలు వరుసగా 0.462, 0.604, 0.0417. వాటితో గుణించి కూడితే 20.8, 66.4, 37.5 కలిసి 124.7, సుమారు 125 నానోగ్రేలు. ప్రపంచ మధ్యస్థ విలువలు 35, 30, 400 తీసుకుంటే ఇదే సూత్రం 51 ఇస్తుంది. మీ చేనిలో ఎక్కువగా ఉన్నది థోరియం అన్నది స్పష్టమే, గ్రానైటు నేలలలో ఇది విశేషమేమీ కాదు. ఈ సూత్రం మట్టి నుంచి వచ్చేదాన్ని మాత్రమే లెక్కిస్తుంది. మీటర్లు ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలను కూడా పట్టుకుంటాయి. సముద్రమట్టం దగ్గర వాటి వాటా గంటకు సుమారు 31 నానోగ్రేలు, అనంతపురం అంతకంటే కొంచెం ఎత్తున ఉంది. 158 నుంచి 32 తీసివేస్తే 126. మూడు దారులూ ఒకే చోట కలిశాయి. మీటర్లకు పది ఇరవై శాతం అనిశ్చితి సహజం కాబట్టి, ఇంత దగ్గరగా కలవడంలో కొంత కాకతాళీయం కూడా ఉందని మీ నివేదికలో నిజాయితీగా రాయండి.

ఆ అనిశ్చితిని మీరే తగ్గించుకోవచ్చు. చిన్న గైగర్ గొట్టం మామూలు పరిసరాలలో నిమిషానికి పాతిక సార్లు టిక్కుమంటే, ఆ పాతికకు వర్గమూలం 5. అంటే ఒక్క నిమిషం చూసి రాసిన అంకెలో ఇరవై శాతం ఊగిసలాట సహజంగానే ఉంటుంది. అదే చోట మీటరును నేల నుంచి ఒక మీటరు ఎత్తున కదలకుండా నిలబెట్టి పది నిమిషాలు లెక్కిస్తే 250 టిక్కులు, వర్గమూలం 16, ఊగిసలాట ఆరు శాతానికి దిగుతుంది. మీటరును చేత్తో పట్టుకుని నడుస్తూ, తెర మీద పెద్ద అంకె మెరిసిన క్షణాన్ని ఫొటో తీసి పంపేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ ఫొటోతో మోతాదు గురించి ఏమీ చెప్పలేము.

ఇక సంవత్సరపు లెక్క. 125 నానోగ్రేలను 0.7తో గుణిస్తే గంటకు 87.5 నానోసీవర్ట్‌లు. మనిషి ఏడాదిలో ఐదో వంతు కాలం ఆరుబయట గడుపుతాడని అంతర్జాతీయ లెక్కలలో తీసుకుంటారు, అది 1,752 గంటలు. గుణిస్తే ఏడాదికి 0.15 మిల్లీసీవర్ట్. అయితే ఈ ఐదో వంతును మన ప్రాంతానికి కళ్లు మూసుకుని వాడడం నాకు సమ్మతం కాదు. వేరుశనగ చేలో పొద్దున్నే దిగి సందెవేళకు ఇల్లు చేరే రైతుకూ, గొర్రెల వెంట తిరిగే కాపరికీ ఆరుబయట గడిచే కాలం దానికి రెట్టింపు ఉండవచ్చు. 0.4 తీసుకుంటే 0.31 మిల్లీసీవర్ట్ అవుతుంది. ఏ భాగం తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో రాసి, రెండు ఫలితాలూ ఇవ్వండి. ఇంటి లోపలి లెక్కను బయటి అంకెతో చేయకూడదు. రాతి గోడల ఇంట్లో గోడలు కూడా చుట్టూ నుంచి కిరణాలను పంపుతాయి. గ్రానైటు పలకలకూ సున్నపురాయి జాతికి చెందిన కడప బండలకూ మధ్య థోరియం పరిమాణంలో సాధారణంగా చాలా తేడా ఉంటుంది. ఇంట్లో విడిగా కొలిచి, విడిగా లెక్కగట్టండి.

మీరు వేసిన 1.66 మిల్లీసీవర్ట్‌ల లెక్కలో అంకగణితం తప్పలేదు. కానీ అందులో మీటరు సీవర్ట్‌ను శరీర సీవర్ట్‌గా తీసుకున్నారు, మనిషిని ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు చేనులోనే నిలబెట్టారు, విశ్వకిరణాలను నేల ఖాతాలో వేశారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది పోలిక. అణుశక్తి నియంత్రణ మండలి ప్రజలకు నిర్ణయించిన ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి, అనుమతి పొందిన పనుల వల్ల ప్రజలకు అదనంగా అందే మోతాదుకు సంబంధించినది. ప్రకృతి సిద్ధంగా నేల నుంచి, ఆకాశం నుంచి వచ్చేది అందులోకి రాదు, వైద్య పరీక్షలలో రోగికి అందేదీ రాదు. ప్రకృతి నుంచి మనిషికి అందే మోతాదు ప్రపంచ సగటే ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. రేడియేషన్ పనివారికి పరిమితి వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ 20ని పనిగంటలు 2,000తో భాగిస్తే గంటకు 10 మైక్రోసీవర్ట్‌లు వస్తుంది. ఆసుపత్రి ఎక్స్‌రే గదుల గోడల వెనుక మేము కొలిచేటప్పుడు మనసులో ఉంచుకునే అంకె అదే.

చివరగా తుమ్మలపల్లె గురించి ఒక మాట అడిగారు, అక్కడి యురేనియం గని చుట్టుపక్కల ఊళ్లలో ఇదే మీటరుతో కొలిచి మార్చితే సరిపోతుందా అని. గామా వరకు సరిపోతుంది, పద్ధతి పైన చెప్పినదే. కానీ యురేనియం ఉన్నచోట అడగవలసిన ప్రశ్నలు గామాతో ముగియవు. ప్రకృతి నుంచి మనకు అందే మోతాదులో దాదాపు సగం రాడాన్ వాయువు, దాని నుంచి పుట్టే పదార్థాల వల్ల వస్తుంది. అది ఊపిరితిత్తులలో ఆల్ఫా కణాలను వదులుతుంది, ఆల్ఫాకు రేడియేషన్ గుణకం 20. గోడకు తగిలించిన గామా మీటరు దానిని చూడలేదు. గాలిలో రాడాన్‌ను ఘనమీటరుకు బెకరెల్‌లలో, తాగునీటిలో యురేనియంను లీటరుకు మైక్రోగ్రాములలో విడిగా కొలవాలి. గ్రే నుంచి సీవర్ట్‌కు తెచ్చే గుణకం ఏదీ ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఇవ్వదు. అందువల్ల గామా అంకె తక్కువగా ఉందని అక్కడివారి ఆందోళనను కొట్టిపారేయడమూ, ఎక్కువగా ఉందని మిగతా కొలతలు లేకుండా భయపెట్టడమూ రెండూ తొందరపాటే.

మీ నివేదికలో ప్రతి కొలత పక్కన ఆరు విషయాలు ఉండేలా చూడండి: పరికరం తెరపై కనిపించిన అంకె, దాని అసలు ప్రమాణంతో మార్చకుండా, పరికరాన్ని ఏ రేడియేషన్ మూలంతో, ఎప్పుడు ప్రామాణీకరించారో, నేల నుంచి ఎత్తు, లెక్కించిన కాలం, విశ్వకిరణాల భాగాన్ని తీసివేశారా లేదా, మార్పిడికి వాడిన గుణకం. మార్చిన ఫలితాన్ని గాలిలో శోషిత మోతాదు రేటుగా, గంటకు నానోగ్రేలలో ఇవ్వండి. సీవర్ట్‌లలో ఇచ్చేటప్పుడు అది పరిసర తుల్య మోతాదా, ప్రభావ మోతాదా అన్నది పట్టిక శీర్షికలోనే రాయండి. ముల్లు మీటరు వెనుక అంటించిన ప్రామాణీకరణ చీటీ మీద తేదీ చెరిగిపోయి ఉంటే, తెలిసిన సీసియం-137 మూలంతో మళ్లీ సరిచూపించిన తరువాతే ఆ 18ని పట్టికలో చేర్చండి.